నాలుగో పేరు ఈరన్న

“గిడ్డయ్యా...”

కోట ఉన్న కొండ మీంచి ఆ పిలుపు తెల్లవారుజాము మంచులో జారుకుంటూ ఊళ్ళోకి దిగింది. ఎక్కడి పని అక్కడ ఆగిపోయింది. పాలు పితికే చెయ్యి ఆగింది. పైకి లేచిన రోకలి పైనే ఉండిపోయింది.

“గిడ్డయ్యా...”

రెండోసారి. బజారమ్మ ఇంట్లో పొయ్యి మీద ఎసరు పొంగి మంట ఆరిపోయింది. దించే ధ్యాస ఎవరికీ లేదు.

“గిడ్డయ్యా...”

మూడో పిలుపు అందేసరికి గిడ్డయ్య పొది భుజాన వేసుకుని కొండదారిలో ఉన్నాడు. పొది అంటే తోలుసంచి. కత్తి, కత్తెర, సానరాయి, అద్దం, అన్నీ అందులోనే. క్షౌరం చేసే మనిషికి పొదే ఇల్లు, పొదే పొలం. వాళ్ళమ్మ బజారమ్మ గడప మీద నిలబడి కొడుకు వీపు మంచులో కరిగిపోయేదాకా చూసింది.

ఆమెకు కాస్త దూరంలో, తన పందిరి గుంజ పట్టుకుని, ఇంకో మనిషి చూస్తున్నాడు. గిడ్డయ్యకు కత్తి పట్టడం నేర్పిన ఈరన్న. ఆ గుంజను ఆయన చెయ్యి వదలడం లేదు. ఎందుకో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ఎప్పటి మాట ఇది? కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం నాటిది. వినేవాళ్ళు దగ్గరికి జరగండి. భయపడేవాళ్ళు ఇంకాస్త దగ్గరికి జరగండి.

ఆ ఊరికి ఈరన్న వచ్చినప్పుడు ఆయనకు ఉన్నది ఒక్క పొదే. తుమ్మచెట్టు నీడన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. ఆయన కత్తి చెంప మీద నడిస్తే ఈకతో రాసినట్టు ఉండేదట. కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి అయిపోయిందని చెప్పినా లేచేవాడు కాదట. రానురాను తుమ్మచెట్టు నీడ చాలక పందిరి పడింది. పందిరి పడ్డాక చుట్టుపక్కల ఊళ్ళ తండ్రులు కొడుకుల్ని వెంటబెట్టుకొచ్చి, వీడికీ ఆ చెయ్యి ఇయ్యి సామీ అని ఒప్పజెప్పి వెళ్ళేవాళ్ళు.

ఈరన్న చదువు మూడు మెట్లు. మొదట గుమ్మడికాయ. బూడిదగుమ్మడి పిందె మీద పసిబిడ్డ నూగులాంటి నూగు ఉంటుంది. తోలు తెగకుండా ఆ నూగు గీయాలి. గీసిన కాయను పందిరికి వేలాడదీస్తారు. కంటికి కనబడని గాటు పడినా నాలుగు రోజుల్లో కాయ కుళ్ళి తానే చెప్పేస్తుంది. రెండో మెట్టు ఎవరి కాలి పిక్క వాళ్ళే గీసుకోవడం. మూడోది ఈరన్న చెంప. పందిరి నిండా నున్నటి గుమ్మడికాయలు ఊగుతుంటే, దారిన పోయేవాళ్ళు, ఏమబ్బీ కాయలకు పెళ్ళి కుదిరిందా, మాకన్నా అవే అందంగా ఉండాయే అని ఎగతాళి చేసేవాళ్ళు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు.

మూడు మెట్లూ ఎక్కినవాడికి ఈరన్న చివరగా చెవిలో ఒక మాట చెప్పేవాడు.

“వణుకొస్తే పళ్ళ కింద నొక్కిపెట్టు. కూర్చున్నోనికి తెలీనియ్యొద్దు. భయమా అని ఎవురన్నా అడిగితే లేదని చెప్పు.”

తానూ అంతే చేసేవాడు మరి. లోకం ఈరన్న చెయ్యి రాతి చెయ్యి అనేది. ప్రతి గొంతు దగ్గరా ఆయన లోపల ఎండుటాకులా వణికిపోయేవాడని లోకానికి తెలియదు. కత్తి కింద మనిషి నరం కొట్టుకుంటుంటే పిచ్చుకపిల్లను అరచేతిలో పట్టుకున్నట్టు ఉండేది ఆయనకు. కాస్త గట్టిగా పట్టుకుంటే చచ్చిపోతుందేమోనని భయం.

ఇక కొండ మీద సంగతి. కోటలో ఒక దొర ఉండేవాడు. ఆయన తండ్రి పెద్దదొర గడ్డం గీయించుకుంటూనే పీక తెగి పోయాడు. దాయాదులు డబ్బుపెట్టి చేయించిన పని అది. గీసినవాణ్ణి కోట గోడ మీంచి లోయలోకి తోసేశారు. అప్పటికి చిన్నదొర ఆ గదిలోనే బొంగరం ఆడుకుంటున్నాడు. ఆనాటి నుంచి కత్తి తలుచుకుంటే ఆయన కంటికి నిద్ర ఉండదు. ఏడాది పొడుగునా గడ్డం పెంచుకునేవాడు. కాని ఏటేటా దేవర జాతర నాడు అమ్మవారి ముందు నున్నటి ముఖంతో నిలబడాలి. అది వాళ్ళ వంశాచారం, తప్పదు.

అందుకని దేవరకు ముందురోజు కోట బంటు ఒకడు పందిట్లోకి వచ్చేవాడు. ఈరన్న చెవి దగ్గర వంగి, ఈ పందిట్లో అందరికన్నా మంచి చెయ్యి ఎవరిదని గుసగుసగా అడిగేవాడు. ఈరన్న ఒక పేరు చెప్పేవాడు. మర్నాడు తెల్లవారుజామున ఆ పేరే కొండ మీంచి వినబడేది. కోటే వెతికి పిలుస్తోందని ఊరు అనుకునేది.

అందరికన్నా మంచి చెయ్యి ఎవరిది? ఈరన్నదే. గుమ్మడికాయల్ని అడిగినా చెబుతాయి. దొరకు గడ్డం వచ్చిన మొదటి ఏడు, బంటు అడిగినప్పుడు ఈరన్న నోరు తెరిచాడు. తన పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కోట గోడ, దాని వెనక లోయ కళ్ళ ముందు కదిలాయి. నాలుక మడత పడింది.

“గిడ్డయ్య” అన్నాడు.

ఆ సాయంత్రం పొది దిగి వచ్చింది. మనిషి దిగి రాలేదు.

పొదిని బంటు బజారమ్మ గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. విప్పి చూస్తే కత్తెర ఉంది, సానరాయి ఉంది, అద్దం ఉంది. కత్తి లేదు. బజారమ్మ ఆ అద్దంలోకి చాలాసేపు చూసింది, అందులో కొడుకు ముఖం ఇంకా మిగిలి ఉందేమోనని.

రెండో ఏడు బంటు వచ్చాడు. ఈరన్న నోరు తెరిచాడు. నాలుక మడత పడింది. మారెప్ప అన్నాడు. మారెప్పకు అప్పుడే పెళ్ళి కుదిరింది. పొది దిగి వచ్చింది. మనిషి దిగి రాలేదు.

మూడో ఏడు బంటు వచ్చాడు. ఈరన్న నోరు తెరిచాడు. నాలుక మడత పడింది. తిప్పన్న అన్నాడు. తిప్పన్న కొండ ఎక్కుతూ కూడా పాట పాడాడు. పాటను సగంలో గాలి మింగేసింది. పొది దిగి వచ్చింది. మనిషి దిగి రాలేదు.

ఆ తరువాత పందిట్లో నవ్వు లేదు. ఒక్కొక్కరే కొడుకుల్ని వెనక్కి తీసుకుపోయారు. వేలాడే గుమ్మడికాయలు గాలికి కొట్టుకుంటే ఈరన్న అటు చూసేవాడు కాదు. మిగిలిన పిల్లల్లో మంచి చెయ్యి అంటే ఒక్కడిదే. చిన్నయ్య. గిడ్డయ్య తమ్ముడు, బజారమ్మ రెండో కొడుకు.

నాలుగో ఏడు దేవర దగ్గరపడ్డాక, నడిపొద్దున ఎండలో బజారమ్మ పందిట్లోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఈరన్నా, మా చిన్నోని చెయ్యి మంచిదేనా?”

“మంచిదే అక్కా.”

“కాదని చెప్పు” అంది ఆమె. “ఊరంతటికీ చెప్పు. వాడు మొద్దు, వానికి కత్తి రాదు, వాడు గొర్రెకు గూడా పనికిరాడని చెప్పు. నా బిడ్డను తిట్టు ఈరన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా, నోరారా తిట్టు.”

ఆమె నిజంగానే వంగబోయింది. ఈరన్న వెనక్కి జరిగాడు. నిప్పు మీద నిలబడ్డట్టు అయింది ఆయనకు. ఆ నిమిషంలో చెప్పెయ్యాలనుకున్నాడు. చెప్పలేకపోయాడు. కాని ఆ సాయంత్రం బంటు వచ్చి చెవి దగ్గర వంగినప్పుడు మాత్రం నాలుక మడత పడనివ్వలేదు.

“ఈరన్న” అన్నాడు.

మర్నాడు మంచులోంచి తన పేరు తనకే వినబడింది. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. కొండదారిలో తంగేడు పూలు పసుపు పూసినట్టు విరగబూసి ఉన్నాయి. ఎంత అందంగా ఉందో లోకం అనుకున్నాడు, దాన్ని ఇంకెప్పుడూ చూడబోననుకునే మనిషి చూసినట్టు చూశాడు.

దొర కిటికీ లేని గదిలో కూర్చుని ఉన్నాడు. అటొక బంటు, ఇటొక బంటు, వెనక ఒక బంటు. దొర వెనక గోడకు మూడు కత్తులు వేలాడుతున్నాయి. ఎముక పిడిది గిడ్డయ్యది. ఎర్రదారం చుట్టింది మారెప్పది. పిడి పగిలింది తిప్పన్నది. మూడింటికీ మొదటి పదును పెట్టింది తానే. నాలుగో మేకు కొట్టి ఖాళీగా ఉంది.

ఈరన్న కత్తి తీశాడు. దొర గడ్డం పైకెత్తి, పైకప్పు వైపు చూస్తూ అడిగాడు.

“ఏమిరా, భయమా?”

పళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. లేదు దొరా అన్న మాట నోటి నిండా ఉంది. ఆయన కళ్ళు ఖాళీ మేకు మీద పడ్డాయి. అక్కడి నుంచి ఎర్రదారం మీదికి పోయాయి.

“భయంగా ఉండాది దొరా” అన్నాడు. “చెయ్యి వణుకుతాంది. ఇట్లే గీస్తే గాటు పడతాది. వణుకు తగ్గేదాకా ఆగల్ల.”

బంట్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దొర తల దించి మొదటిసారి ఆయన్ని చూశాడు.

“ముగ్గురూ లేదన్నారు” అన్నాడు దొర. “చెయ్యి వణుకుతా ఉంటే లేదన్నారు. కత్తి పట్టుకుని అబద్ధమాడేవాడు దేనికొచ్చినాడో అనుకున్నా. ఆ మాట వాళ్ళకు ఎవరు నేర్పినారు?”

“నేనే దొరా.”

ఈరన్న కత్తి కింద పెట్టి, రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. దొర కాచుకున్నాడు. వణుకు తగ్గింది. కత్తి లేచింది. ఎడమ చెంప అయింది, కుడి చెంప అయింది. గొంతు దగ్గరికి వచ్చేసరికి దొర గొంతుముడి ఎగిరిపడింది. కత్తి అంచున ఆవగింజంత ఎరుపు మెరిసింది.

వెనక బంటు ఒరలోంచి కత్తి దూసిన చప్పుడు.

“గాటు పడింది దొరా” అన్నాడు ఈరన్న, దొర చూడకముందే. “చిన్నది. పటిక పెడతా.”

దొర వేలితో ఆ చుక్క తుడుచుకున్నాడు. వేలు వంక ఎంతసేపు చూశాడో, ఈరన్నకు అది ఒక జన్మంత అనిపించింది. ఆఖరికి దొర బంటుకు సైగ చేశాడు, కత్తి ఒరలో పెట్టమని. గోడ మీది మూడు కత్తులూ తీసి ఈరన్న పొదిలో తానే వేశాడు.

ఆ సాయంత్రం పొది దిగి వచ్చింది. మనిషీ దిగి వచ్చాడు.

ఊరు డోళ్ళు, సన్నాయిలతో ఎదురొచ్చింది. చిన్నయ్య ఎక్కాల్సిన కొండ నువ్వెక్కి వాణ్ణి కాపాడావని బజారమ్మ ఆయన చేతులు కళ్ళకద్దుకుంది. ఆ చేతులు కాలినట్టు మండాయి. ఆయన చెప్పలేదు. కొండ మీద ఒకసారి విప్పిన నోరు కింద మళ్ళీ మూసుకుపోయింది. పందిరి మళ్ళీ నిండింది. చివరి మెట్టులో చెవిలో చెప్పే మాట మాత్రం మారిపోయింది. వణుకు దాచొద్దు, కూర్చున్నోనికి పైకే చెప్పు అని నేర్పేవాడు. అలా నేర్పుతూ నేర్పుతూ ముసలివాడయ్యాడు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో తిరిగే కుర్చీలు, గోడంత అద్దాలు ఉన్న షాపుల్లో కూడా, పని నేర్చుకున్న పిల్లవాడు మొదటిసారి మనిషి గొంతు మీద కత్తి పెట్టే ముందు, భయంగా ఉండాదన్నా అని పైకే చెబుతాడు. కూర్చున్న మనిషి, నాకూ ఉండాదిలే, నిదానంగా కానియ్యి అంటాడు. చెప్పకపోతే పెద్ద మేస్త్రీ కత్తి లాక్కుంటాడు. ఆయుధపూజ నాడు కత్తులకు కుంకుమ పెట్టి పేర్లు తలుచుకుంటారు. గిడ్డయ్య, మారెప్ప, తిప్పన్న. ఆ మూడూ అయ్యాకే నాలుగో పేరు ఈరన్న. అంత పెద్ద గురువును ఆఖరున తలవడమేంటని కొత్తవాళ్ళు అడుగుతారు. ఆ వరస పెట్టింది బజారమ్మ. ఆమె ఆయన్ని తీసెయ్యమనలేదు, ముందుకూ రానివ్వలేదు.

ఆ వరస పడింది ఈరన్న ఆఖరి పొద్దున. మంచం వాకిట్లో వేశారు. గురువుకు చివరి గడ్డం గీయడానికి చిన్నయ్య వచ్చాడు. పక్కన బజారమ్మ నీళ్ళ గిన్నె పట్టుకుని కూర్చుంది, జుట్టు ముగ్గుబుట్ట అయిపోయింది ఆమెకు. చిన్నయ్య కత్తి తీసి, నేర్చుకున్న మాట చెప్పాడు.

“భయంగా ఉండాది మామా.”

నాకూ ఉండాదిలే అనాలి ఈరన్న. అనలేదు. చిన్నయ్య చెయ్యి పక్కకు జరిపి, తల తిప్పి, బజారమ్మ కళ్ళలోకి చూశాడు.

“అక్కా” అన్నాడు, వాకిట్లో అందరికీ వినబడేలా. “కోట వెతికి పిలవలేదు. బంటు నన్నడిగినాడు. మంచి చెయ్యి నాదే. భయపడి నీ కొడుకు పేరు చెప్పినా.”