ఎర్రమెట్ట ఎక్కిన పైడమ్మ బండి

ఎండాకాలం వచ్చిందంటే ఎర్రమెట్ట అడవిలో నీళ్లు కింద, దాహం పైన ఉండేవి. కింద ఏరు పారేది. మెట్ట మీద గొర్రెలు, కుందేళ్లు, జింకలు కాపురం ఉండేవి. ఈ రెంటికీ మధ్య ఒకటే దారి, అదీ నిట్టనిలువుగా ఎక్కి మధ్యలో కొడవలిలా మలుపు తిరిగిన మట్టి దారి. చిన్నపిల్లలున్న తల్లులు మండుటెండలో ఆ దారి దిగి ఎక్కలేరు. అందుకని గాడిద పైడమ్మ ఒక చిన్న పికప్ బండి పెట్టుకుని, ఏటి నుంచి డ్రమ్ములతో నీళ్లు పైకి చేరవేసేది. వచ్చేటప్పుడు పైవాళ్లు రాల్చి పెట్టిన చింతపండు దింపుకొచ్చేది. అదే ఆమె బతుకుతెరువు.

పైడమ్మకు గాడిదలకుండే ఓర్పు ఉంది. గాడిదే కదా అని ఎవరైనా లోకువ చేస్తే మాత్రం చెవులు నిక్కబొడుచుకునేవి.

ఆ చిన్న బండి చదునులో లేడిపిల్లలా పరిగెత్తేది. మలుపు దగ్గరకొచ్చేసరికి దానికి ఆయాసం పట్టుకునేది. మొదటి గేరు వేసినా మూలిగి, పొగ కక్కి, రేడియేటరు మరిగి ఆవిరి చిమ్మి నిలబడిపోయేది. పైడమ్మ కిందికి దిగి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గొర్రెపిల్లల కోసం తెచ్చిన నీళ్లలోంచే బిందెడు తీసి ఇంజనుకు పోసేది.

సరిగ్గా ఆ మలుపులోనే నక్క సింహాచలం ఒక ట్రాక్టరు పెట్టుకుని కూర్చునేవాడు. పేరులో సింహం ఉన్నా పని చేసే అలవాటు లేదు. ఆగిపోయిన బండికి తాడు కట్టి పైదాకా లాగడం, లోడులో వాటా తీసుకోవడం, ఇంతే అతని వ్యాపారం. వాటాగా వచ్చిన నీళ్లను దారి పక్కన తవ్వుకున్న గుంటలో పోసి ఎండ్రకాయలు పెంచుకునేవాడు. సాయంత్రమయ్యేసరికి గుంట గట్టున కూర్చుని ఒక్కొక్కటే తీసుకుని తినేవాడు.

ఒకరోజు పైడమ్మ బండి మామూలుగానే ఆగిపోయింది. సింహాచలం తాడు పట్టుకుని తాపీగా వచ్చాడు.

"ఆగిందా అక్కా, పాపం."

"ఆగింది. కట్టు తమ్ముడూ, ఎండెక్కుతోంది."

"కడతాను. కానీ ఈ పూట నుంచి సగం డ్రమ్ములు నాకు దించాలి."

"నిన్నటిదాకా మూడో వంతేగా?"

"నిన్నటికీ ఇవాళ్టికీ ఎండ ముదిరింది కదక్కా. నా ఎండ్రకాయలకూ దాహమేస్తుంది. ఇష్టం లేకపోతే చెప్పు, తాడు చుట్టేసుకుని వెళ్లి నీడన కూర్చుంటాను."

పైడమ్మ ఒకసారి పైకి చూసింది, ఒకసారి బండి కేసి చూసింది. ఇంకో దారి లేదు. సగం డ్రమ్ములు దించింది.

మెట్ట మీద గొర్రె సన్నెమ్మ పిల్లలతో ఎదురుచూస్తోంది. నోరెత్తి ఎవరినీ ఒక మాట అనని మనిషి అంటారే, గొర్రెల్లో అలాంటిది. ఆ రోజు డ్రమ్ములు చూసి ఆమే అడిగింది.

"ఏటి వదినా, ఇవాళ డ్రమ్ములు తగ్గాయి?"

"సింహాచలం వాటా పెంచాడు."

"అన్ని నీళ్లు వాడేం చేసుకుంటాడు?"

"ఎండ్రకాయలు పెంచుతున్నాడు."

సన్నెమ్మ నీళ్లు పంచడం మొదలుపెట్టింది. పెద్ద పిల్లలకు తలా కాస్త పోసేసరికి డ్రమ్ము అడుగంటింది. ఆఖరి పిల్ల ఖాళీ డ్రమ్ము దగ్గరకెళ్లి తడి రేకును నాకుతూ నిలబడింది. తల్లి దాన్ని పక్కకు లాగి, "పోనీలే వదినా, మా రాత ఇంతే అనుకుంటాం," అంది.

పైడమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

"రాతేటి సన్నెమ్మా? మలుపులో కూర్చున్నది దేవుడు కాదు, సింహాచలం. నా బండికి బలం చాలట్లేదు కాబట్టి వాడికి అంత బలం వచ్చింది. నేను బండి మారుస్తాను."

"మార్చగలవా?"

"మార్చకుండా మళ్లీ వచ్చి నీ పిల్లల మొహం చూడలేను."

దిగేటప్పుడు మలుపులో సింహాచలం ఎదురొచ్చాడు. పైడమ్మ దాచుకోలేదు. పెద్ద బండి తీసుకుంటున్నానని మొహం మీదే చెప్పింది. నక్క కాసేపు తోక దువ్వుకుని, సొంత తమ్ముడిలా గొంతు మెత్తగా చేశాడు.

"అక్కా, నీ మంచి కోరి చెబుతున్నాను. పెద్ద బండికి ఆకలి కూడా పెద్దదే. పోసిన డీజిలు పోసినట్టే తాగేస్తుంది. ఆ స్టీరింగు తిప్పడానికి ఎద్దులాంటి మెడ కావాలి. ఉన్న బండి నీకు అచ్చొచ్చింది. ఎక్కలేనిచోట నేనున్నాను కదా."

"నువ్వున్నావనే మారుస్తున్నాను."

"గాడిదకి లారీ సోకులెందుకని నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వేవాళ్లెవరూ నా డ్రమ్ములు మోయట్లేదు."

అడవి చివర రాళ్లగుట్ట పక్కన ఎలుగుబంటి అప్పలకొండకు బండ్ల షెడ్డుంది. పాతవి బాగుచేసి అమ్ముతాడు. మాట కటువు గానీ మోసం తెలియదు. పైడమ్మను చూడగానే ఎర్రరంగు బండి ఒకటి తుడిచి చూపించాడు.

"ఇది చూడమ్మా. హారను నొక్కితే పాట వస్తుంది."

"పాట మా గొర్రెపిల్లలు తాగవు మావా. నిండా డ్రమ్ములతో ఎర్రమెట్ట మలుపు ఎక్కుతుందా?"

"ఊళ్లో తిరగడానికైతే బాగుంటుంది."

"అయితే దాన్ని పక్కన పెట్టు."

అప్పలకొండ నవ్వి, షెడ్డు వెనకున్న ఇంకో బండి మీద పట్టా లాగాడు. బూడిదరంగు. అక్కడక్కడ గీతలు పడ్డాయి. నేలకు ఎత్తుగా ఉంది, టైర్లు లావుగా పళ్లు పళ్లుగా ఉన్నాయి. లోపల గేరు కడ్డీ పక్కనే ఇంకో చిన్న కడ్డీ ఉంది.

"నీ బండిలో వెనక చక్రాలే తోస్తాయి. దీనికి ఈ కడ్డీ వేశావంటే ముందు చక్రాలు కూడా లాగుతాయి. నాలుగూ పట్టుకుంటాయి."

"మాట కాదు మావా, చూపించు."

ఎలుగు బండి వెనక తొట్టి నిండా రాళ్లు నింపాడు. షెడ్డు వెనక గుట్టంతా కాలు పెడితే జారే గుల్లరాయి. పైడమ్మే నడిపింది. మొదటిసారి భయపడి సగంలో ఆగింది, బండి జారింది. రెండోసారి ఇంజను ఆగిపోయింది. అప్పలకొండ పక్కన నడుస్తూ అరిచాడు.

"ఆగకు. ఎత్తులో గేరు మార్చకు. అది ముక్కుతుంది, నువ్వు కంగారు పడకు. దాని పని దాన్ని చెయ్యనీ."

మళ్లీ ఎక్కించింది. ఈసారి బండి ఎలుగులాగే గుర్రుమంటూ, తొందర లేకుండా, రాళ్లతో సహా గుట్టమీదికి వెళ్లి నిలబడింది. పైడమ్మ స్టీరింగు మీద గిట్టలు ఆన్చి ఎక్కిన ఎత్తు కేసి చూసింది. ఇన్నేళ్లూ ఎత్తు చూస్తేనే తన గుండె దడదడలాడేదని ఆమెకు అప్పుడు తెలిసింది, ఆ దడ ఇప్పుడు లేదు కాబట్టి.

పాత బండి, దాచుకున్న చింతపండు ఇచ్చి, ఎలుగు కోసం మెట్ట మీది తేనెతుట్టెలు బండిలో దింపిపెడతానని ఒప్పుకుని కొత్త బండి తీసుకుంది. వెళ్లేముందు పాత బండి బానెట్టు మీద ఒకసారి గిట్ట ఆన్చింది.

"దీన్ని ముక్కలు చెయ్యకు మావా. చదునులో దీనంత మంచి బండి లేదు."

"ఉడతలు అడుగుతున్నాయిలే, మామిడితోటలో తిప్పుకోడానికి."

కొత్త బండి ఏటి ఒడ్డుకు రాగానే అడవంతా చూడ్డానికి చేరింది. సింహాచలం కూడా వచ్చాడు. టైరు మీద కాలితో తన్ని, చుట్టూ తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు.

"ఒళ్లు పెరిగితే బలం వచ్చినట్టేనా? పందెం వేస్తాను. రేపు పొద్దున్న నిండు లోడుతో నా తాడు లేకుండా ఎక్కు. ఎక్కావంటే నా ట్రాక్టరుని ఆ మలుపులో మళ్లీ పెట్టను. ఎక్కలేకపోయావో, ఇక లోడంతా నాకే దించి, నేను దయతలచి ఇచ్చిందే పైకి తీసుకెళ్లాలి."

కుందేళ్లు పైడమ్మ తోక లాగాయి, వద్దని. పైన సన్నెమ్మ పిల్లలు ఉన్నాయి, పందెం ఓడిపోతే వాటి నీళ్లే పోతాయి. ఆ సంగతి పైడమ్మకూ తెలుసు. అయినా వెనక్కి తగ్గలేదు.

"రేపు పొద్దున్నే వస్తాను. నువ్వు నిద్రలేచి ఉండు."

ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక సింహాచలం పలుగు పట్టుకుని తన గుంట గట్టు తెంపాడు. నీళ్లన్నీ దారి మీదికి జారాయి. ఎర్రమట్టి మలుపంతా నానిపోయి, కాలు పెడితే జర్రున జారే బురదయింది. నీళ్లతోపాటు ఎండ్రకాయలు కూడా బయటపడి ఏటి వైపు నడక సాగించాయి. నక్క వాటిని ఆపలేదు. రేపటి నుంచి లోడంతా తనదేనాయె, మళ్లీ గుంట నింపుకోవచ్చు, మళ్లీ పెంచుకోవచ్చు అనుకున్నాడు.

తెల్లవారి పైడమ్మ నిండు డ్రమ్ములతో వచ్చింది. మలుపు కింద బండి ఆపి దిగింది. బురద చూసింది. తెగిన గట్టు చూసింది. పైన ట్రాక్టరు మీద కూర్చున్న సింహాచలాన్ని చూసింది.

"వాన పడిందా తమ్ముడూ?"

"నాకేం తెలుసక్కా. మంచేమో."

"మంచు నీ గుంటలోంచి కురిసినట్టుంది."

"పందెం మానుకుంటే చెప్పు. అందరి ముందూ ఓడిపోయానను, చాలు."

జింకలు, కుందేళ్లు అంచున వరసకట్టి చూస్తున్నాయి. పైనుంచి సన్నెమ్మ మెడ చాచి చూస్తోంది. పైడమ్మ బండెక్కి, చిన్న కడ్డీ వేసి, మొదటి గేరులో కదిలించింది.

మలుపు మొదట్లోనే వెనక భాగం పక్కకు ఈడ్చుకుపోయింది. డ్రమ్ములు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. కుందేళ్లు కళ్లు మూసుకున్నాయి. ఆగాలనిపించింది, కాలు బ్రేకు మీదికి వెళ్లింది. ఎలుగు మాట చెవిలో పడ్డట్టయి కాలు వెనక్కి తీసుకుంది. చక్రాలు బురద చిమ్ముతూ తిరిగాయి, తిరిగి తిరిగి అడుగున గట్టినేల దొరకబుచ్చుకున్నాయి. ముందు చక్రాలు లాగాయి, వెనకవి తోశాయి. బండి అంగుళం అంగుళంగా మలుపు తిరిగి, నక్క పక్క నుంచే పైకి సాగింది. దాటేటప్పుడు పైడమ్మ అతని వైపు తిరిగి కూడా చూడలేదు.

సింహాచలానికి నమ్మకం కలగలేదు. ఆ పై ఎత్తులో తప్పకుండా ఆగుతుంది, ఆగగానే తాడు వెయ్యాలని ట్రాక్టరు స్టార్టు చేసి వెనకే పోనిచ్చాడు. దాని టైర్లు ఎప్పుడో నున్నగా అరిగిపోయాయి. చుట్టూ అందరివీ తనకన్నా బలం తక్కువ బండ్లే కావడంతో, తన ట్రాక్టరు సంగతి చూసుకోవాలని అతనికి ఏనాడూ తోచలేదు. తను చేసిన బురదలోనే చక్రాలు గిర్రున తిరిగాయి. ట్రాక్టరు వెనక్కి జారి, పక్కకు తిరిగి, వెళ్లి ఖాళీ గుంటలో ఇరుసుదాకా కూరుకుపోయింది.

పైన పైడమ్మ డ్రమ్ములన్నీ దించింది. ఒక్క బిందె కూడా తగ్గలేదు. సన్నెమ్మ ఆఖరి పిల్లను ముందుకు తోసి, దాని మూతి నీళ్లలో పెట్టింది. అది తాగి తాగి పొట్ట ఉబ్బి, కాళ్లు చాపి కూలబడింది. సన్నెమ్మ రాత గురించి ఈసారి ఏమీ అనలేదు.

చింతపండు వేసుకుని దిగుతుంటే గుంటలోంచి కేక వినబడింది.

"అక్కా, ఒక్కసారి తాడు వెయ్యక్కా. ఎండకి మాడిపోతున్నాను."

పైడమ్మ బండి ఆపింది. అంచున ఉన్న జింకలు వద్దంటూ తలలాడించాయి. "వాటా అడుగు, సగం అడుగు," అని కుందేళ్లు గోల చేశాయి.

"నాకు వాటా వద్దు," అంది పైడమ్మ. "దారికి అడ్డంగా ఎవరూ ఉండకూడదు, అంతే."

తాడు కట్టి లాగింది. ట్రాక్టరు గుంటలోంచి బయటపడగానే సింహాచలం లేచి నిలబడ్డాడు.

"ఇక చాలక్కా, ఇక్కడ వదిలెయ్యి."

"ఇక్కడ కాదు. పందెం నువ్వే వేశావు."

ఆపకుండా ఏరు దాటించి, చదును దారిలో చాలా దూరం ఈడ్చుకెళ్లి, అక్కడ తాడు విప్పి వచ్చేసింది. చదునులో ఎవరి బండీ ఆగదు. ఉడతలు మామిడికాయల లోడుతో పాత పికప్‌లో హాయిగా పక్కనుంచి వెళుతూ ఉంటే, సింహాచలం ట్రాక్టరు మీద కూర్చుని, ఆకలి కడుపుతో, ఎవరైనా ఆగుతారేమోనని రోజంతా చూశాడు. ఎవరూ ఆగలేదు.

నీతి: మనం ఆగిపోతేనే కడుపు నిండేవాడు, మన బండి మనకు చాలుననే చెబుతాడు.