చెవి తెగిన అల్లుడు

బోడిగుట్ట జింకల కేంద్రంలో మద్దిలేటి అనే కాపలాదారు ఉండేవాడు. మనిషి బంగారమే కానీ, తన మందను మించిన మంద భూమ్మీదే లేదని అతనికి మహా గర్వం. కంచెలోని నలభై కృష్ణజింకలకూ పేర్లు పెట్టుకున్నాడు. తల్లిపాలు అందని పిల్లలకు తానే సీసాతో పాలు పట్టేవాడు. "ఇవన్నీ ఒక్క ఇంటి బిడ్డలు. బయటి రక్తం చుక్క కూడా కలవలేదు" అని వచ్చినవాళ్లందరికీ మీసం మెలేస్తూ చెప్పేవాడు. అదేం గొప్పో మరి!

గుట్ట అవతల పెద్ద గడ్డిమైదానం ఉంది. ఒకప్పుడు అక్కడ జింకలు గుంపులు గుంపులుగా తిరిగేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. మళ్లీ అక్కడ జింకల్ని వదలాలనే ఈ కేంద్రం పెట్టారు. కానీ ఏటా పుట్టే పిల్లలు కాళ్లు వణుకుతూ నిలబడలేకపోయేవి. పరిగెత్తలేని జింకను మైదానంలో వదిలితే తోడేలుకు విందు పెట్టినట్టే కదా! చివరికి పై అధికారులు, "రెండేళ్లలో గట్టి పిల్లలు పుట్టకపోతే కేంద్రం మూసేస్తాం. జింకల్ని తలో జూకీ పంపేస్తాం" అని చెప్పేశారు. ఆ రోజు మద్దిలేటికి అన్నం సయించలేదు.

పశువైద్యురాలు షాహీన్ వచ్చి జింకల వెంట్రుకలు తీసుకెళ్లి డీఎన్‌ఏ పరీక్ష చేయించింది. ఏ జింకకు ఏది చుట్టమో ఆ పరీక్షలో తేలిపోతుంది.

"మద్దిలేటన్నా, నీ మందలో అందరూ అన్నాచెల్లెళ్లు, బావామరదళ్లే. తరతరాలుగా అన్నీ మేనరికాలే. అందుకే పిల్లలకు బలం లేదు" అంది.

"మేనరికమైతే ఏందమ్మా? నేను మా మేనమామ కూతుర్నే చేసుకున్నా. ఏమైంది?" అన్నాడు మద్దిలేటి.

"ఏమైందో నన్నడుగు డాక్టరమ్మా, నేను చెప్తా!" అంది అతని భార్య సుంకులమ్మ, నెత్తిమీది గడ్డిమోపు దించుతూ. డాక్టరమ్మ పకపకా నవ్వేసింది.

ఇక బయటినుంచి అల్లుణ్ని తేవాల్సిందే! వేరే చోట్ల నుంచి రెండు మగజింకలు వచ్చాయి. ఒకటి నల్లగా నిగనిగలాడుతూ, మెలితిరిగిన పొడవాటి కొమ్ములతో మహారాజులా ఉంది. రెండోది బక్కది. ఒంటినిండా దుమ్ము, ఎడమ చెవి సగం తెగిపోయింది. మందలోని మగజింకల్ని విడిగా ఒక దొడ్లోకి తోలి, కొత్తవి రెండింటినీ వేరువేరు దొడ్లలో పెట్టి, వాటి వెంట్రుకలు కూడా పరీక్షకు పంపారు. వారానికి డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"చెవి తెగినదాన్ని మందలోకి వదులన్నా. ఆ నల్లది వద్దు. దాని తాత మీ మందలోంచి వెళ్లినవాడే. మళ్లీ మేనరికమే అవుతుంది."

మద్దిలేటి ముఖం మాడిపోయింది. 'నా బంగారుతల్లులకు ఈ చెవి తెగినోడా మొగుడు? వెంట్రుక చూసి చెప్పేదేంది, నాకు కళ్లు లేవా!' అనుకున్నాడు. వెళ్లి మహారాజు దొడ్డి తలుపు తీశాడు. "వదిలేశానమ్మా" అని ఫోన్‌లో చెప్పాడు. ఏది వదిలాడో మాత్రం చెప్పలేదు. కొన్నాళ్లయ్యాక దాన్ని గప్‌చుప్‌గా మళ్లీ దాని దొడ్లోకి తోలేశాడు. డాక్టరమ్మ జిల్లా అంతా తిరగాల్సిన మనిషి, మళ్లీ పిల్లలు పుట్టాకే వచ్చింది.

ఏం లాభం? మళ్లీ అవే వణికే కాళ్లు. మొగుడూ పెళ్లాలిద్దరూ పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని, పాలు పట్టి ఎలాగో బతికించారు. షాహీన్‌కు అనుమానం వచ్చింది. ఆ పిల్లల వెంట్రుకలు పరీక్ష చేయించి, కాగితం పట్టుకుని గబగబా వచ్చింది.

"అన్నా, వీటి తండ్రి చెవి తెగినది కాదు, ఆ నల్లది! ఇదిగో, ఇందులో రాసుంది. ఏమంటావు?"

మద్దిలేటి తలగుడ్డలో ముఖం దాచుకున్నాడు. భోరుమన్నాడు. "తప్పయిపోయిందమ్మా! అందం చూసి మురిసిపోయినా. నా చేతులతో నేనే నా బిడ్డలకు అన్యాయం చేసినా!"

"ఏడాది పోగొట్టావు కదన్నా! ఇక ఒక్క ఏడాదే ఉంది" అని డాక్టరమ్మ చెడామడా తిట్టేసింది. తిట్టి తిట్టి అలిసిపోయి, "సరే, ఏడుపు ఆపి ఆ చెవి తెగినదాని తలుపు తియ్యి" అంది.

మహారాజును అదే రోజు వెనక్కి పంపించేశారు. సుంకులమ్మ ఇల్లరికపు అల్లుడికి ఇచ్చినట్టు హారతి పళ్లెం పట్టుకొచ్చింది. అల్లుడుగారు ఆ మంట చూసి బెదిరి, పళ్లెం ఎగిరిపడేలా ఒక్క దూకు దూకి, తిన్నగా వెళ్లి ఆడజింకల మధ్యలో పడ్డారు. "అబ్బో, తొందర ఎక్కువే!" అంది సుంకులమ్మ. అందరూ కడుపుబ్బ నవ్వారు.

ఆ ఏడు పన్నెండు పిల్లలు పుట్టాయి. గంట తిరక్కముందే లేచి నిలబడ్డాయి. నాలుగు రోజులకే గెంతులు మొదలుపెట్టాయి. పట్టుకుందామంటే మద్దిలేటికి ఒక్కటీ చిక్కలేదు! అధికారులు వచ్చి చూసి, మూసేస్తామన్న మాట మానుకున్నారు. పిల్లలు పెద్దవయ్యాక ఒక పొద్దున గుట్ట వైపు కంచె తెరిచారు. పన్నెండు జింకలూ గాలిలోకి ఎగురుతూ మైదానంలోకి దూసుకుపోయాయి. మద్దిలేటి తలగుడ్డ తీసి ఊపుతూ, కేకలు పెడుతూ, సంతోషం పట్టలేక కళ్లనీళ్లు పెట్టుకుంటూ వాటి వెనకాలే ఊపిరి అందకపోయేదాకా పరిగెత్తాడు.

కాబట్టి పిల్లలూ, మనదే గొప్పనే గర్వంతో పరీక్షలో తేలిన నిజాన్ని కాదంటే, నష్టపోయేది మనం ప్రాణంగా ప్రేమించేవాళ్లే.