కింది గదికి రంగు

దర్గా ఆవరణలో దస్తగిరికి పది రోజులుగా ఒక రంగు కుదరడం లేదు.

ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకు సున్నం వేస్తున్నవాడు. తడి గోడను చూసి, ఆరాక ఏ రంగుకు తేలుతుందో ముందే చెప్పేవాడు. అంతటివాడు ఒక చిన్న గది ముందు చతికిలబడ్డాడు. గురువు రహంతుల్లా సాహెబు అడిగింది పెద్ద కోరికేమీ కాదు. బూడిద కలిసిన లేత పచ్చ వెయ్యమన్నాడు, అంతే.

గోడ మీద అప్పటికే తొమ్మిది మచ్చలు పడ్డాయి. తక్కిన శిష్యులకు అవన్నీ ఒకటే రంగు. దస్తగిరికి మాత్రం ఒకదాంట్లో పచ్చ ఎక్కువ, ఇంకోదాంట్లో బూడిద ఎక్కువ. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట అని వాళ్ళు చాటుగా నవ్వుకున్నారు.

సంగతి వేరు. సాహెబు గుండె ఇక మెట్లెక్కడానికి ఒప్పుకోదని డాక్టరు చెప్పాడు. ఆయన మేడ దిగి ఈ గదిలోకి మారాలి. ఆయన గురువు కూడా చివరికి ఇదే గదిలోకి దిగాడు. మళ్ళీ పైకి ఎక్కలేదు.

పదో రోజు సాహెబే కర్ర పట్టుకుని దిగివచ్చాడు. మచ్చలన్నీ తీరిగ్గా చూసి, వీటిలో ఏది దగ్గరగా ఉందని అడిగాడు. ఏదీ కాదన్నాడు దస్తగిరి.

"మరి ఎప్పటికి కుదురుతుంది రా?"

"కుదరనీను బాబా. ఇది అయిపోతే మీరు ఈడ పండుకుంటారు. నేను అవనీను. ఇంకో మనిషిని పిలిపిస్తే వాని కుంచె కూడా ఇరిసేస్తా."

సాహెబుతో అలా మాట్లాడినవాడు అంతవరకూ లేడు. 

సాహెబు కోప్పడలేదు. కర్రను గోడకు ఆనించి, తొమ్మిది డబ్బాల్లో మిగిలిన రంగంతా ఒకే బక్కెట్టులోకి ఒంపేశాడు. పుల్లతో తిప్పాడు. పదో పచ్చ తేలింది. కుంచె ముంచి గోడకు పులమడం మొదలుపెట్టాడు. ఒక చార అడ్డంగా, ఒకటి ఏటవాలుగా పోతోంది. రంగు మోచేతి దాకా కారినా ఆయన ఆగలేదు.

దస్తగిరి కాసేపు మొహం తిప్పుకున్నాడు. కానీ ఎంత మొండివాడైనా సున్నం వేసేవాడే కదా. ఆ వంకర చారలు చూడలేకపోయాడు. వచ్చి కుంచె లాక్కున్నాడు. ఏడుస్తూనే వేశాడు. గోడ నున్నగా వచ్చింది. అందుకు కూడా వాడికి కోపం వచ్చింది.

సాహెబు గుమ్మం పక్కన చాప మీద పడుకుని చూస్తున్నాడు. సాయంత్రానికి కిటికీ కింద జానెడు జాగా మిగిలింది.

"అది వదిలెయ్ రా. రేపు నువ్వు నాతో పేచీ పెట్టుకోనీకి ఏమన్నా ఉండాల కదా."

దస్తగిరి కుంచె కడిగి సంచిలో పెట్టుకోబోయి ఆగాడు. దాన్ని రేపటికి బిగుసుకుపోకుండా నీళ్ళలో పెట్టాడు.