మాచన కంటే ముందు వెళ్ళినవాడు

సోమశివులవారిని ప్రశ్న అడగడమంటే పని కొని తెచ్చుకోవడమేనని మఠంలో అందరికీ తెలుసు. ఆయన జవాబు చెప్పరు. ఎక్కడికో పంపుతారు, లేదా ఏదో తెమ్మంటారు. అది తెచ్చేలోగా అడిగినవాడికి ప్రశ్న మీద మోజు తీరిపోవడం కూడా కద్దు. అన్నీ తెలిసే మాచన ఒక ఉదయం ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్వామీ, కొత్త దేశానికి బయల్దేరేముందు ఆ దేశం గురించి ఎంత తెలుసుకుంటే చాలు?"

ఆ కొత్త దేశం చీనా. మఠం మోటుపల్లి రేవుకు ఆమడ దూరంలో ఉండేది కనుక చీనా వెళ్ళొచ్చినవాళ్ళకు అక్కడ కొదవ లేదు. మాచన పసివాడుగా ఉన్నప్పుడు, ఆకాశం నుంచి దూదిలా మంచు రాలే ఊరొకటి ఉందని ఒక నావికుడు చెప్పాడు. అది చూడకుండా పోతే ఈ కళ్ళెందుకని అప్పటినుంచీ అతనికి బెంగ. అయితే అదేమైనా చిన్న దేశమా? ఒక కొసన ఎముకలు కొరికే చలి, మరో కొసన మన తీరాన్ని మించిన ఉక్క. ఒక చోట వరి మొహం చూడరు, ఇంకో చోట వరి తప్ప ముట్టరు. ఒక కొండ దిగితే భాషే మారిపోతుంది. అలాంటి చోటికి గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోతే ఎలా? అందుకని మాచన రేవులో దిగిన ప్రతివాణ్ణీ పట్టుకుని ప్రశ్నలతో ప్రాణాలు తోడేసేవాడు. ఏ ఏరు ఎప్పుడు పొంగుతుంది, ఏ కనుమ ఎప్పుడు మూసుకుపోతుంది, ఏ కొండను ఏ పక్కనుంచి చూడాలి, ఎవరింట ఏం వండుతారు, అన్నీ అతనికి కంఠతా వచ్చు. ఇక్కడ కూర్చుని అక్కడి సందులు చెబుతుంటే తోటి శిష్యులు "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నవ్వేవారు.

నవ్వరూ మరి? ఏటా ఓడలు కదిలే వేళకు మాచనకు సరిగ్గా ఏదో ఒక సందేహం వచ్చి కాళ్ళకు అడ్డం పడేది. అది తీరేసరికి ఓడలు వెళ్ళిపోయేవి. మొదటి ఏడు మాత్రం, పెట్టించుకున్న ముహూర్తం పోనివ్వడమెందుకని ప్రస్థానం పెట్టాడు. మంచి వేళకు మనిషి కదలలేకపోతే తన బట్టలూ చెప్పులూ మూటకట్టి, ప్రయాణపు దిక్కున ఉన్న ఒకరింట ఉంచడం మనవాళ్ళ ఆచారం. మూట గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఆ తర్వాత త్వరలోనే మనిషి వెళ్ళి మూటను కలుసుకోవాలి. వెళ్ళడం కుదరకపోతే దాన్ని తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి. మాచన రెండూ చేయలేదు. వచ్చే ఏటికి పనికొస్తుందిలే అని రేవులో కాచమ్మ పూటకూళ్ళ ఇంట్లోనే ఉంచేశాడు. అలా ఎన్నో ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు మళ్ళీ ఓడలు కదలబోతున్నాయి. ఈసారీ ఆగిపోతే ఇక ఎప్పటికీ వెళ్ళనేమోనని అతనికే గుబులు పుట్టి, గురువుగారి దగ్గరకు వచ్చాడు.

సోమశివులవారు అంతా విని, "ముందు ఆ మూట పట్రా," అన్నారు.

మాచన రేవు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. కాచమ్మ అరుగు మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. అతన్ని చూడగానే చేట ఆగిపోయింది. ఆవిడ ముందు చూసింది అతని మొహం కాదు, పాదాలు.

"మళ్ళీ ఎందుకొచ్చావు నాయనా?" అంది. "మొన్ననేగా చీనా ఓడ దిగొచ్చి మూట లోపల పెట్టి పోయావు. పలకరిస్తే పలకవు, మంచినీళ్ళిస్తే ముట్టవు. నీకు నేనేం అపచారం చేశాను?"

"నేను రాలేదమ్మా. నేను మఠం వదిలి ఎక్కడికీ పోలేదు."

కాచమ్మ చేట పక్కన పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలి గది చూపించింది.

మూట అతను పెట్టిన మూలలోనే ఉంది. కట్టిన ముడి తనదే. గుడ్డకు మాత్రం ఎక్కడిదో పసుప్పచ్చని దుమ్ము పట్టి ఉంది. విప్పి చూశాడు. మడత విప్పని పంచె అంచులు పీలికలయ్యాయి. ఒక్కసారీ తొడగని చెప్పులు తమలపాకుల్లా పల్చబడ్డాయి. ఎడమ చెప్పు మడమ దగ్గర బయటి వైపు బాగా అరిగిపోయింది. మాచన నడకే అంత, ఎడమకు ఒరుగుతుంది. కాలు అందులో పెట్టాడు. ఐదు వేళ్ళూ ఐదు గుంటల్లో చక్కగా కూర్చున్నాయి.

గుమ్మంలో అలికిడైతే తిరిగి చూశాడు. లిన్ నిలబడి ఉన్నాడు. ఏటా వచ్చి కాచమ్మ ఇంట్లోనే దిగే చీనా వర్తకుడు, రేవు తెలుగు బాగానే వచ్చు. ఒకప్పుడు తన ఊరు, తన ఇల్లు, తన తల్లి చేతి వంట, అన్నీ మాచనకు ఓపిగ్గా చెప్పి, తప్పకుండా రమ్మని పిలిచినవాడు. ఇప్పుడు గడప దాటి లోపలికి రావడం లేదు.

"పోయిన చలికాలం మా ఇంటికి వచ్చావు," అన్నాడు లిన్. "నాకు సంతోషమైంది. నేనే కదా దారి చెప్పాను."

"వచ్చి ఏం చేశాను?" తన గొంతు తనది కానట్టు వినిపించింది మాచనకు.

"కొండ చూశావు. 'అవును, ఇదే' అన్నావు. మా వీధి చూసి 'అవును, ఇదే' అన్నావు. మంచు పడింది. నీ తలమీద, భుజాలమీద పడింది. దులుపుకోలేదు. 'అవును' అన్నావు. మా అమ్మ నీకోసం వేడి గంజి తెచ్చింది. గిన్నెలోకి చూసి 'అవును' అని లేచిపోయావు. నీ పేరేమిటని ఆవిడ అడిగింది. నీకు వినపడలేదు. తిరిగొచ్చేటప్పుడు ఓడలోనూ ఓ మూల కూర్చున్నావు. ఎంత పిలిచినా తిరిగి చూడలేదు." లిన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "మా అమ్మ ఆ గిన్నె పగలగొట్టింది. ఆ మనిషి మళ్ళీ వస్తే తలుపు తియ్యొద్దని మా అందరిచేతా ఒట్టేయించింది."

మాచనకు భయం వేసింది. భయం కంటే దుఃఖం ఎక్కువగా వచ్చింది. ఇన్నేళ్ళూ ఏ మంచు కోసం బతికాడో ఆ మంచు తన తలమీదే పడింది, తనకు చల్లగా తగలనైనా లేదు. తనను రమ్మన్న ఒకే ఒక్క ఇంట్లో తను దయ్యమైపోయాడు.

పొద్దువాలే వేళకు మఠం చేరి, మూట గురువుగారి ముందు పెట్టి, జరిగింది చెప్పాడు. సోమశివులవారు ఒక చెప్పు చేతిలోకి తీసుకుని అరిగిన మడమను బొటనవేలితో తడిమి చూశారు.

"వెళ్ళినవాడెవరు స్వామీ?"

"నీకు తెలిసినదంతా తెలిసినవాడు."

"మరి నేనిప్పుడు వెళ్ళి ఏం లాభం? ఆ తలుపు నాకిక తియ్యరు."

"లిన్ ఓడ ఎప్పుడు కదులుతుంది?"

"రేపు తెల్లారగానే. కానీ రేపు మంచి రోజు కాదు స్వామీ."

సోమశివులవారు చెప్పును మూట మీద పెట్టి, మూటను దూరంగా జరిపారు.

"ఉత్త కాళ్ళతో వెళ్ళి ఓడెక్కు. మరెక్కడా ఆగకుండా లిన్ తల్లి ఇంటికే పోయి తలుపు కొట్టు."

"ఎవరు నువ్వని లోపలినుంచి అడిగితే?"

"ఆకలేస్తోందని చెప్పు," అన్నారు సోమశివులవారు.