చెరపని అంకెలు

భ్రమరాంబ గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పరు. "నడిపి చూడు" అంటారు. తీరంలోని తుఫాను లెక్కల కేంద్రంలో ఆమె దగ్గర పని నేర్చుకున్న వాళ్ళమంతా ఆ రెండు మాటలకూ భయపడేవాళ్ళమే.

ఒక ఉదయం శిష్యుడు ప్రభుదాసు అడిగాడు: "మేడమ్, మీ ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో ఒకసారి రాసిన అంకెను మార్చకూడదంటారు. ప్రతి అడుగుకీ కొత్త పట్టిక పుట్టించాలంటారు. కోట్ల అంకెలతో అలల ఎత్తు తేల్చే చోట ఇంత మడి పనికొస్తుందా?"

మడి అన్న మాటకు ఆమె నవ్వారు. "తుఫాను వస్తోందిగా. నీ ప్రోగ్రామూ నాదీ నడిపి చూడు" అన్నారు.

పదకొండింటికి రేవు అధికారి ఫోను చేస్తారు. అల రెండు మీటర్లు దాటేట్టయితే జాలరిపేట ఖాళీ చేయించాలి, లేకపోతే అక్కర్లేదు. ప్రభుదాసు అక్క కాపురం ఆ పేటలోనే.

అతని ప్రోగ్రాములో అరవై నాలుగు ప్రాసెసర్లు ఒకే పట్టిక మీద చెరిపి రాస్తాయి. ఒకటి చదవడం అయ్యేదాకా ఇంకొకటి ఆగాలన్న కట్టుబాటును వేగం కోసం అతనే తీసేశాడు. తొమ్మిది నిమిషాల్లో జవాబు వచ్చింది: ఒకటి పాయింట్ ఎనిమిది మీటర్లు. మేడమ్ గారిది ఇంకా నడుస్తూనే ఉంది. ప్రభుదాసు ముఖం మతాబులా వెలిగిపోయింది.

"మళ్ళీ నడుపు" అన్నారామె. అదే గాలి, అదే సముద్రం, కానీ ఈసారి రెండు పాయింట్ మూడు. మూడోసారి ఒకటిన్నర. మతాబు ఆరిపోయింది.

ఆమె ప్రోగ్రాము పద్నాలుగు నిమిషాలు తీసుకుని రెండు పాయింట్ నాలుగు అంది. పక్కగది యంత్రాలు కూడా కలిపి, ఒక్క వరుసైనా మార్చకుండా మళ్ళీ నడిపారు. ఆరు నిమిషాల్లో అదే రెండు పాయింట్ నాలుగు. ఒకరు రాసింది ఇంకొకరు చెరిపే పనే లేదు కనుక, ఎంతమంది దిగినా తగువు లేదు. ఆ మడి మీద నాకు అప్పుడు పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఫోను రాగానే ఆమె ఆ అంకె చెప్పారు. పేట ఖాళీ అయింది. సాయంత్రానికి నీళ్ళు ఇళ్ళ కిటికీల దాకా వచ్చాయి. అక్క పిల్లలతో బడి మేడ మీద క్షేమంగా ఉందని కబురు అందాక, ప్రభుదాసు ఆమె ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"ముందే వచ్చింది కదా అని, నా మొదటి అంకే చెప్పేసేవాణ్ణి మేడమ్" అన్నాడు.

ఆమె కళ్ళజోడు తుడుచుకుంటూ, "ముందే వచ్చింది నాయనా, కాదనను. కానీ వచ్చింది ఎక్కడికి?" అన్నారు.