ఎనిమిది వాకిళ్ళ గూడు

మోటబావి మీదికి వంగిన ఈతచెట్టు నిండా గిజిగాళ్ళే. తొలకరి పడిందంటే చాలు, మగపిట్టలు గూళ్ళు అల్లడం, ఆడపిట్టలొచ్చి ముక్కుతో లాగి చూడడం. తెగకపోతే పెళ్ళి, తెగితే మళ్ళీ మొదటికే. అక్కడి ఆచారం అది.

పచ్చన్నకి ఇదే మొదటి గూడు. తేనెరంగు కళ్ళ సొగసి ఎల్లుండి చూడ్డానికొస్తానంది. అప్పట్నించీ వాడి కాళ్ళు కొమ్మ మీద నిలవడం లేదు. ఒక పోగు అల్లడం, మబ్బుల్లోకి చూడడం, రెండో పోగు ఎక్కడ పెట్టాడో మర్చిపోవడం.

కింద గట్టు మీంచి నక్క ఇదంతా చూసింది. నీళ్ళ మీద వేలాడే గూళ్ళని చూసీ చూసీ దాని మెడ పట్టేసి చాలా కాలమైంది.

"అల్లుడూ, ఇంకా పోగూ పోగూ ముడేస్తున్నావా? మీ తాతలనాటి పని అది. నా దగ్గర తయారు చట్రం ఉంది, గట్టు మీద నిలబెడతాను. నువ్వు గడ్డి కుక్కుకుంటే చాలు, మిగతాదంతా చట్రమే చూసుకుంటుంది."

"సొగసికి నచ్చుతుందా మావా?"

"ఏడు వాకిళ్ళు. రాణివాసం అనుకో."

పచ్చన్నకి అరచేతిలో వైకుంఠం కనబడింది. సగం అల్లిన గూడు వదిలేసి దిగొచ్చాడు.

చట్రం ఎద్దుబండంత ఉంది. గడ్డి దూర్చాలంటే కొక్కెం కావాలి. కొక్కెం నిలవాలంటే అడ్డకర్ర. అడ్డకర్ర జారకుండా కడియం, కడియం ఊడకుండా ఇంకో కొక్కెం. రెండు రోజులూ పచ్చన్న పుల్లలు మోస్తూ, బిగిస్తూనే ఉన్నాడు. రెక్కలు పడిపోయాయి గానీ గుండె మాత్రం గంతులు మానలేదు.

సొగసి వచ్చింది. చట్రం చుట్టూ ఒకసారి ఎగిరింది.

"గుడ్లు ఎక్కడ పెట్టాలి?"

"మూడో వాకిలి దాటి, నాలుగో కొక్కెం ఎత్తి, ఎడమకి తిరిగి, మళ్ళీ రెండో వాకిట్లోకొచ్చి..."

"ముక్కేదంటే తల చుట్టూ చూపిస్తున్నావే. నీ దారి పూర్తయ్యేలోపు నా గుడ్డు నేల మీదుంటుంది. వాన పడితే?"

"దానికి వేరే చట్రం తగిలించాలంట."

"పోనీ, ఇందులో నువ్వు అల్లింది ఏది?"

పచ్చన్న వెతికాడు. ఒక్క పోగు కూడా లేదు. పసుపు ముఖం కాస్తా పాలిపోయింది.

సొగసి వంగి చూసింది. "ఏడు వాకిళ్ళన్నావు. ఈ ఎనిమిదోది ఎవరికి? సరిగ్గా నక్క మూతి ఎత్తులో ఉంది."

"గాలి కోసమమ్మా," అంది పొదలోంచి నక్క, నోట్లో ఊరే నీళ్ళు మింగుతూ.

పచ్చన్న ఆ వాకిలినీ, పొదనీ మార్చి మార్చి చూశాడు. రెండు రోజులుగా మోసింది తన పాడె కట్టెలన్నమాట. అంతలోనే వాడికి నవ్వొచ్చింది. కొక్కేలు బిగించింది తను. లోపలి దారి మావకేం తెలుసు?

"మావా, కొత్త కాపురం. పెద్దవాడివి, నువ్వు ముందు కుడికాలు పెడితే నీ వెనకే మేమిద్దరం వస్తాం."

ఒకటికి రెండు పిట్టలు, అదీ నాలుగు గోడల మధ్య. నక్క కుడికాలేం ఖర్మ, నాలుగు కాళ్ళూ పెట్టేసింది.

మూడో వాకిలి దాటగానే వెనక కొక్కెం పడింది. నాలుగోది ఎత్తితే కడియం మెడలో పడింది.

"అల్లుడూ, ఇప్పుడెటు?"

"ఎడమకి మావా."

"ఇందులో ఎడమేది?"

"అదీ చట్రమే చూసుకుంటుంది మావా."

అప్పటికే ఎగిరి కొమ్మెక్కిన సొగసి నవ్వీ నవ్వీ జారబోయింది.

పచ్చన్న తన పాత సగం గూటికి ఎగిరాడు. సాయంత్రానికి అల్లేశాడు. ఒకటే గది, ఒకటే వాకిలి, కింద నీళ్ళు. లోపల తడిమట్టి ముద్దలో దీపంలా ఒక మిణుగురు. సొగసి ఒకసారి లాగింది. రెండోసారి గట్టిగా లాగింది. మూడోసారి కాళ్ళు తన్నిపట్టి లాగింది.

"తెగలేదు," అని గొణిగి, లోపలికెళ్ళి కూర్చుంది.

నక్క మాత్రం గింజుకుని గింజుకుని చట్రం విరగ్గొట్టుకుని, మెడలో కడియంతో, వీపు మీద మూడు వాకిళ్ళతో పొలాలకడ్డంపడి పరిగెత్తింది. ఏ పొదలో దూరబోయినా ఆ వాకిళ్ళే దానికి అడ్డం.

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకుంటే, ఆ గొడ్డలి మోయడానికే బతుకు చాలదు.