ఫిర్యాదులు లేని బీడు

ఎర్రగుట్ట కింది బీడులో పశువులు తమ తగాదాలు తామే తీర్చుకునేవి. పెద్దరికం దున్నది. బురదగుంటలోంచి లేవకుండానే అది తీర్పు చెప్పేది. ఈడొచ్చిన కోడె ఎవరినైనా పొడిచిందంటే మెడకు గుదిబండ కట్టి ముళ్లదొడ్డిలోకి తోలడమే శిక్ష. దొడ్డికి కాపలా నక్క. లోపలికి పోయిన కోడెల్లో తిరిగి నడిచి వచ్చినవి తక్కువ. మిగిలినవి ఏమయ్యాయని ఎవరూ అడగలేదు, నక్కా చెప్పలేదు.

ముసలి ఎద్దు కర్రి తాతకు ఇది కడుపుమంట. మేక ముత్తమ్మ డొక్కలో పొడిచినందుకు బొల్లిగాడనే కోడెను దొడ్డిలో వేసినప్పుడు తాత ఊరుకోలేదు. దున్న ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"బండ కడితే మెడ పుండవుతుంది. పుండు సలిపేవాడు ఇంకా పొడుస్తాడు. వాణ్ణి నాకు ఒప్పజెప్పండి."

"ఒప్పజెప్తే ఏం చేస్తావు?" అంది దున్న.

"నా పక్కనే మేపుతా. తప్పు చేస్తే, దెబ్బ తిన్నవాళ్ల ముందు నిలబెట్టి మాట్లాడిస్తా."

నక్క కిసుక్కున నవ్వింది. "మాటలతో కొమ్ములు అరుగుతాయా మామా?"

"నీ దొడ్డిలో ఒళ్లే అరిగిపోతోంది కదరా అల్లుడూ!"

దున్నకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే సెలవిచ్చేసింది. "సరే, వానలు పడేదాకా చూద్దాం. తర్వాత మేలో కీడో తేలుద్దాం."

బొల్లిగాడు పుండు మెడతో బయటికొచ్చాడు. వచ్చీ రాగానే తాతనే పొడిచాడు. తాత కదల్లేదు.

"అయిందా? ఇంకోటి ఉందా?"

"నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. ఆకలి కూడా వచ్చింది. పద, మేద్దాం."

ఆ తర్వాత తాత చిన్న జీవాలన్నిటి దగ్గరికీ వెళ్లాడు. "ఎవరు తోసినా, తిట్టినా వచ్చి నాతో చెప్పండి. దాచొద్దు. చెప్పినందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటా." మొదట ఎవరూ రాలేదు. నోరు విప్పితే మర్నాడు కొమ్ము దిగుతుందని వాళ్ల భయం. చివరికి ముత్తమ్మే ధైర్యం చేసింది. ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరం కాలేదు.

"తాతా, నీ మనవడు నా చివుళ్లు తినేశాడు!"

"తాతా, నా మొహం మీద తుమ్మాడు!"

బొల్లిగాడు తలవంచుకుని నిలబడేవాడు. "తప్పయింది పిన్నీ. తుమ్ము ఆగలేదు."

ఎండలు ముదిరేసరికి వాడే ఎత్తు కొమ్మలు వంచి పట్టుకునేవాడు, ముత్తమ్మ తింటూ తింటూ వాణ్ణి తిట్టేది. ఆ వేసవిలో బీడులో ఎవరి ఒంటి మీదా కొత్త గాయం లేదు.

వానలు పడ్డాయి. సభ కూడింది.

"మేలో కీడో నక్క తేలుస్తుంది. దొడ్డి నడిపిన అనుభవం ఉన్నది దానికే కదా," అంది దున్న.

తాత అక్కడ అడ్డుపడాల్సింది. పడలేదు. "ఎవరు తేల్చినా సరే! నిజం ఎక్కడికి పోతుంది? సాక్షిగా ముత్తమ్మను నేనే తెచ్చా," అన్నాడు. ఆ మొండి ధీమాయే కొంప ముంచింది.

నక్క ముత్తమ్మకు వంగి దండం పెట్టింది. "అక్కా, బొల్లిగాడి మీద తాతకు ఎప్పుడైనా ఫిర్యాదు చేశావా?"

"చెయ్యకేం? రోజూ చేశాను. ఎన్నిసార్లు వెళ్లినా తాత విసుక్కోలేదు!"

"రోజూనా! మిగతావాళ్లో?"

"అందరూ చేస్తారయ్యా. కుందేలుతో సహా!"

"మరి నా దొడ్డి నడిచిన రోజుల్లో?"

"అప్పుడా? అప్పుడు నోరెత్తితే కదా."

నక్క సభ వైపు తిరిగింది. "విన్నారుగా. అప్పుడు ఫిర్యాదు లేదు. ఇప్పుడు రోజూ ఫిర్యాదే. నేనేమీ అనడం లేదు, తాత తెచ్చిన సాక్షే అంటోంది."

గొర్రెలు తలలూపాయి. దున్న నిట్టూర్చింది. "నిజమే. అప్పుడు నేను హాయిగా పడుకునేవాణ్ణి."

"ఫిర్యాదులు కాదయ్యా, తోళ్లు చూడండి!" తాత గొంతు చించుకున్నాడు. "ఒక్క కొత్త గాయం చూపించండి!"

ముత్తమ్మ గబగబా తిరిగి డొక్క చూపించింది. పాత మచ్చ తప్ప ఏమీ లేదు.

"ఇక్కణ్ణించి కనబడదు," అంది దున్న.

"లేచి రండి మరి!"

"ఇప్పుడే ఒళ్లు నానింది. ఇక తేలిపోయింది, దొడ్డే మేలు."

ముత్తమ్మ బిక్కమొహం వేసింది. "నేను మంచే చెప్పాను కదా తాతా?"

"మంచే చెప్పావు తల్లీ."

నక్క గుదిబండ ఈడ్చుకొచ్చింది. బొల్లిగాడి కొమ్ములు కిందికి దిగాయి. ముక్కుపుటాలు అదిరాయి. "పొడిచెయ్!" అని ఒక్క క్షణం తాత మనసే అంది.

బొల్లిగాడు ఆగాడు. తాత వైపు చూశాడు. "ఇప్పుడు పొడిస్తే నక్క మాటే నిజమవుతుంది కదా తాతా?"

బొల్లిగాడు తనే మెడ వంచాడు.

"చూశారా!" అంది నక్క. "బండ కనబడగానే ఎలా దారికొచ్చాడో!"

సభ మెచ్చుకుంది.

తాత రోజూ ముళ్లకంచె బయట నిలబడి పిలిచేవాడు. కొన్నాళ్లు లోపలి నుంచి జవాబు వచ్చింది. తర్వాత రాలేదు.

ఒకనాడు ముత్తమ్మ కుంటుతూ ఎదురైంది. తొడ మీంచి నెత్తురు కారుతోంది. అది ఇంకేదో కోడె కొమ్ము దిగిన గాయమని చూడగానే తెలుస్తోంది.

"ఎవరమ్మా?"

"ఎవరూ లేరు తాతా. రాయి తగిలింది." అటూ ఇటూ చూసి గబగబా వెళ్లిపోయింది. తాత వెనక నుంచి పిలవబోయి ఆగాడు. పిలిచి ఏం చెప్తాడు?

ఆ వారం సభలో ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని దున్న అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. "బీడు బాగుపడింది," అంటూ దున్న బురదలో ఇంకాస్త కిందికి జారింది. తాత నిలబడే ఉన్నాడు, కానీ ఎవరూ అతనివైపు చూడలేదు.

నీతి: గాయాలు చూడకుండా అరుపులు మాత్రమే లెక్కపెట్టే చోట, భయంతో మూసుకున్న నోటినే శాంతి అంటారు.